క్యాంపస్‌లో ఆర్ట్ మ్యూజియం ఉంటే మీ క్లాసు అక్కడ పెట్టడం ఎలా

అమెరికా యూనివర్సిటీల్లో చదువుకుంటున్న, పాఠాలు చెబుతున్న మనవాళ్ళలో ఎక్కువమంది కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, స్టాటిస్టిక్స్, పబ్లిక్ హెల్త్ వైపే ఉంటారు. క్యాంపస్‌లో ఆర్ట్ మ్యూజియం ఉన్నా అది ఆర్ట్ హిస్టరీ వాళ్ళ వ్యవహారం అనుకుని, రోజూ దాని పక్కనుంచే నడుస్తూ ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళకుండా డిగ్రీ పూర్తి చేసేవాళ్ళు బోలెడుమంది. కానీ యూనివర్సిటీ మ్యూజియం పుట్టిందే చదువు కోసం. ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియం 1683 నుంచి ఉంది, యేల్ యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీ 1832లో జాన్ ట్రంబుల్ అనే చిత్రకారుడు తన బొమ్మలు కాలేజీకి ఇవ్వడంతో మొదలైంది. మీరు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) అయినా, కొత్తగా చేరిన ప్రొఫెసర్ అయినా, మీ సబ్జెక్టు ఏదైనా సరే, అక్కడ ఒక క్లాసు పెట్టుకునే హక్కు మీకు ఉంది. దాన్ని ల్యాబ్ లాగా వాడుకోండి, ఎక్స్‌కర్షన్ లాగా కాదు. ఎలాగో మొదటినుంచి చెబుతాను.

మొదటి పని: మీ కోర్సులో ఏ ముడి విప్పాలో తేల్చుకోండి

మ్యూజియంలో ఏముందో చూసి దానికి తగ్గ పాఠం వెతక్కండి. మీ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో ముందు చూడండి. డేటాబేస్ కోర్సు చెబుతున్నారనుకోండి. పుస్తకంలో ఇచ్చే డేటా అంతా కడిగి ముత్యంలా ఉంటుంది, నిజం డేటా అలా ఉండదు. మ్యూజియం కేటలాగు తెరిస్తే తేదీ గడిలో ఒకచోట "సుమారు 1750", ఇంకోచోట "18వ శతాబ్దం", మరోచోట "1760-75" అని ఉంటుంది. చిత్రకారుడి పేరున్న చోట "ఫలానావారి శైలిలో" అని ఉంటుంది. దీన్ని టేబుల్‌లో ఎలా పెడతారు? తెలియని దాన్ని తెలియదని ఎలా రాస్తారు? హార్వర్డ్ ఆర్ట్ మ్యూజియమ్స్ వాళ్ళ కేటలాగు డేటాని ఏపీఐ ద్వారా, అంటే మనం రాసే ప్రోగ్రామే నేరుగా అడిగి తెచ్చుకునే దారిలో, ఎవరైనా తీసుకోవచ్చు, యేల్ వాళ్ళు తమ మ్యూజియాలు, లైబ్రరీల రికార్డులన్నీ కలిపి వెతికే లక్స్ అనే వేదికను 2023లో తెరిచారు. ఆ రికార్డు ముందు పెట్టుకుని, అసలు వస్తువు ముందు నిలబడి, ఇందులో ఏది పట్టికలోకి ఎక్కింది, ఏది ఎక్కలేదు అని అడిగితే రెండు గంటల లెక్చర్‌లో రాని చర్చ వస్తుంది.

కెమిస్ట్రీ అయితే హార్వర్డ్‌లోని మార్క్ రోత్కో చిత్రాల కథ ఒక్కటి చాలు. 1960లలో ఆ యూనివర్సిటీలో ఒక భోజనశాల కోసం ఆయన పెద్ద పెద్ద చిత్రాలు వేశారు. వాటిలో వాడిన లిథాల్ రెడ్ అనే రంగు ఎండకు నిలవదు, ఆ గదిలోకేమో ధారాళంగా ఎండ వచ్చేది. ముదురు ఎరుపు కాస్తా వెలిసిపోయి, 1979 కల్లా వాటిని తీసి లోపల పెట్టేయాల్సి వచ్చింది. 2014లో వాటిని మళ్ళీ బయటకు తెచ్చినప్పుడు కుంచె ముట్టుకోలేదు. ఏ చోట ఎంత రంగు పోయిందో లెక్కగట్టి, అంత మేర రంగు వెలుగుని ప్రొజెక్టర్‌తో బొమ్మ మీద పడేలా చేశారు. సాయంత్రం నాలుగింటికి ప్రొజెక్టర్ ఆపేసేవారు, అప్పుడు వెలిసిపోయిన అసలు బొమ్మ కనిపించేది. రంగు అణువు మీద వెలుగు ఏం చేస్తుంది అనే కెమిస్ట్రీ, ఇమేజ్ ప్రాసెసింగ్, అలా వెలుగు వేయడం బాగుచేయడం కిందకి వస్తుందా అనే నీతి ప్రశ్న, మూడూ ఒక్కచోట దొరుకుతాయి.

వైద్యం, నర్సింగ్ చెప్పేవాళ్ళకు దారి ఇదివరకే వేసి ఉంది. 1990ల చివర్లో యేల్‌లో చర్మవ్యాధుల ప్రొఫెసర్ ఇర్విన్ బ్రేవర్‌మన్, అక్కడి బ్రిటిష్ ఆర్ట్ మ్యూజియంలో పనిచేసే లిండా ఫ్రీడ్‌లాండర్ కలిసి మెడికల్ విద్యార్థులను చిత్రాల ముందు నిలబెట్టారు. ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ. పావుగంట చూడాలి, తర్వాత కనిపించింది కనిపించినట్టు చెప్పాలి, అర్థం చెప్పకూడదు. రోగి ముఖం చూసి వెంటనే జబ్బు పేరు చెప్పేసే తొందరను తగ్గించడమే వాళ్ళ ఉద్దేశం. ఇలా చేసిన విద్యార్థుల్లో గమనించే శక్తి మెరుగుపడిందని 2001లో జామా అనే వైద్య పత్రికలో ప్రచురించారు కూడా.

రెండో పని: ఎవరికి రాయాలో కనుక్కుని మెయిల్ పెట్టండి

రిసెప్షన్‌కి ఫోన్ చేసి గ్రూప్ టూర్ కావాలని అడగకండి, అడిగితే అందరికీ ఇచ్చే టూరే ఇస్తారు. మ్యూజియం వెబ్‌సైట్‌లో స్టాఫ్ పేజీ తెరిచి అకడమిక్ ప్రోగ్రామ్స్ అనే మాట ఉన్న ఉద్యోగం ఎవరిదో చూడండి. కాలేజీ క్లాసులకు సాయం చేయడమే వాళ్ళ పని. చిన్న మ్యూజియం అయితే సేకరణ బాధ్యత చూసే క్యూరేటరే ఈ పనీ చూసుకుంటారు. నాలుగు నుంచి ఆరు వారాల ముందు రాయండి. వస్తువులు స్టోరేజీలోంచి తీయాలి, దానికి మనిషి కావాలి, గది ఖాళీ ఉండాలి, అన్నీ ఒక్కరోజులో కుదిరేవి కావు. టీఏ అయితే ముందు మీ ప్రొఫెసర్‌తో మాట్లాడి, మెయిల్‌లో ఆయన్నో ఆవిడనో కూడా చేర్చండి.

మెయిల్ చిన్నదిగానే ఉండాలి గానీ అందులో నాలుగు సంగతులు తప్పకుండా ఉండాలి. కోర్సు ఏమిటి, ఎంతమంది వస్తారు, కుదిరే తేదీలు రెండు మూడు, పిల్లల చేత ఏ ప్రశ్న మీద పని చేయించాలనుకుంటున్నారు. ఆన్‌లైన్ కేటలాగులో మీకు పనికొస్తాయనిపించిన రెండు వస్తువుల నంబర్లు కూడా రాస్తే ఇంకా మంచిది. ఆ నంబర్‌లోనే కొంత సమాచారం ఉంటుంది. ట్రంబుల్ వేసిన స్వాతంత్ర్య ప్రకటన చిత్రం నంబర్ యేల్‌లో 1832.3, అంటే అది మ్యూజియంలోకి వచ్చిన సంవత్సరం ముందు, ఆ తర్వాత వరస సంఖ్య. మీరు ఇంత చూసి రాశారని తెలిస్తే అవతలివాళ్ళు మీరు అడగనివి కూడా వెతికి చూపిస్తారు. తేదీ ఇచ్చే ముందు సెలవు చూసుకోండి, అక్కడ చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు.

మూడో పని: వస్తువులు తక్కువ ఎంచుకోండి

గంటంపావు క్లాసుకి నాలుగు చాలు, ఆరు దాటొద్దు. ఇరవై బొమ్మలు చూపిస్తే పిల్లలకు ఒక్కటీ గుర్తుండదు. గోడమీద ఉన్నవే ఎంచుకోవాలనీ లేదు. ఏ మ్యూజియంలోనైనా సేకరణలో ఎక్కువ భాగం లోపలే ఉంటుంది, ముఖ్యంగా కాగితం మీద వేసినవి, ఫొటోలు, బట్టలు. అవి వెలుగుకి పాడైపోతాయి కాబట్టి సుమారు 50 లక్స్ (లక్స్ అంటే ఇక్కడ వెలుగుని కొలిచే యూనిట్) మసక వెలుగులోనే, అదీ కొన్ని నెలలే బయట పెట్టి, మళ్ళీ చీకట్లో విశ్రాంతి ఇస్తారు. వీటిని చూడటానికే స్టడీ రూమ్ ఉంటుంది. బల్ల మీద పెట్టిన ప్రింటుని అడుగు దూరం నుంచి, అద్దం అడ్డం లేకుండా చూసే అవకాశం మామూలు సందర్శకులకు అంత తేలిగ్గా దొరకదు, మీ క్లాసుకి దొరుకుతుంది.

జతలుగా ఎంచుకోండి. ఒకే రాగి ఫలకం నుంచి ముందుగా తీసిన ప్రింటు, ఫలకం అరిగిపోయాక తీసిన ప్రింటు పక్కపక్కన పెడితే నకలు అంటే ఏమిటో మీరు ఒక్క మాట చెప్పక్కర్లేదు. మీ మ్యూజియంలో భారతీయ సేకరణ ఉంటే మన తీరం నుంచి వెళ్ళిన అద్దకం బట్ట ఏదైనా ఉందేమో అడగండి. మచిలీపట్నం వైపు నుంచి ఓడలెక్కిన ఇలాంటి బట్టలు ప్రపంచంలో చాలా సేకరణల్లో ఉన్నాయి. కరక్కాయ నీళ్ళలో నానబెట్టిన గుడ్డ, బెల్లంలో ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన నలుపు, పటిక రాసిన చోట మాత్రమే పట్టుకునే చిరివేరు ఎరుపు. పటిక లేకపోతే ఆ ఎరుపు ఎందుకు నిలవదు అనేది మంచి కెమిస్ట్రీ ప్రశ్న. అదే బట్ట ఎవరు నేశారు, ఎవరు కొన్నారు, లాభం ఎవరికి పోయింది అనేది మంచి ఎకనామిక్స్ ప్రశ్న. ఇలాంటి వస్తువు దగ్గర మీకు తెలిసినది మీ క్లాసులో ఇంకెవరికీ తెలియకపోవచ్చు, దాన్ని వాడుకోండి.

నాలుగో పని: రూల్స్ ముందే చెప్పండి

పెన్నులు వద్దు, పెన్సిల్ మాత్రమే. బ్యాగులు లాకర్‌లో. నీళ్ళ సీసా, కాఫీ లోపలికి రావు. వేలు చూపించేటప్పుడు కూడా చెయ్యి దూరంగా ఉంచాలి. ఫొటో తీయొచ్చో లేదో అడగాలి, తీస్తే ఫ్లాష్ లేకుండా. స్టడీ రూమ్‌లో సాధారణంగా పదిహేను, ఇరవై మందికి మించి పట్టరు, కాబట్టి మీది అరవై మంది క్లాసు అయితే గుంపులు చేసి ఒక గుంపు స్టడీ రూమ్‌లో, మిగతావాళ్ళు గ్యాలరీలో చిన్న పనితో ఉండేలా చూసుకోండి. ఎక్కువసేపు నిలబడలేనివాళ్ళు ఉంటే మడత స్టూళ్ళు చాలా మ్యూజియాల్లో ఉంటాయి, ముందుగా అడిగితే తెచ్చి పెడతారు. మీరు మాత్రం ముందు రోజు ఒంటరిగా ఒకసారి వెళ్ళి రావాల్సిందే. ఏ బొమ్మ ముందు ఎంతమంది నిలబడగలరో, గదిలో ఎంత ప్రతిధ్వని వస్తుందో వెబ్‌సైట్ చెప్పదు.

ఐదో పని: అక్కడ అసలు ఏం చేయించాలి

ఇక్కడే ఎక్కువమంది టీచర్లు తొందరపడతారు, నిలబడిన మరుక్షణం వివరించడం మొదలుపెడతారు. మొదటి పది నిమిషాలు మాట్లాడకండి. ఫోన్ లేదు, లేబుల్ చదవడం లేదు, చూడటమే. పది నిమిషాలు చాలా ఎక్కువ అనిపిస్తుంది, పిల్లలు కదులుతారు, నిట్టూరుస్తారు, కానివ్వండి. హార్వర్డ్‌లో ఆర్ట్ హిస్టరీ చెప్పే జెన్నిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థుల చేత ఒక్క చిత్రాన్ని మూడు గంటలు చూపిస్తారు. ఆవిడ కూడా బోస్టన్‌లో ఉన్న ఒక బొమ్మ ముందు అలాగే కూర్చున్నారు. ఎగిరే ఉడుతతో ఉన్న అబ్బాయి బొమ్మ అది, 1765లో కోప్లీ అనే చిత్రకారుడు వేసింది. ఆ అబ్బాయి చెవి ఆకారం, ఉడుత పొట్ట మీది బొచ్చు అంచు ఒకేలా ఉన్నాయని గమనించడానికి తనకు తొమ్మిది నిమిషాలు పట్టిందని ఆవిడ రాశారు. రోజూ బొమ్మలు చూసే మనిషికే అంతసేపు పట్టిందంటే మన పిల్లలకు పది నిమిషాలు ఇవ్వడంలో తప్పేమీ లేదు. ఊరికే చూడలేకపోతే పెన్సిల్‌తో గీయమనండి. బాగా గీయాలని కాదు, గీస్తుంటే కన్ను ఒకచోట ఆగుతుంది.

తర్వాత అడగడానికి మూడు ప్రశ్నలు ఉన్నాయి, అబిగెయిల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ తయారుచేసిన పద్ధతిలోవి. ఇందులో ఏం జరుగుతోంది? ఏది చూసి అలా అంటున్నారు? ఇంకా ఏం కనిపిస్తోంది? నా దృష్టిలో రెండో ప్రశ్నకే ఎక్కువ విలువ. "ఈ మనిషి దిగులుగా ఉన్నాడు" అని ఒకరంటారు. ఏది చూసి? "తల వంచుకున్నాడు." తల వంచుకున్నవాళ్ళందరూ దిగులుగా ఉన్నట్టేనా? ఇంకొకరు అందుకుంటారు, చేతిలో ఉత్తరం ఉంది, చదువుతున్నాడేమో అంటారు. ఆధారం ఒకటి, దాని మీద మనం కట్టే ఊహ ఇంకొకటి అని పిల్లలే విడదీసుకుంటారు. రీసెర్చ్ పేపర్ రాసేవాడికైనా, కోడ్‌లో తప్పు వెతికేవాడికైనా ఇదే కావాలి.

అయితే కాలేజీ క్లాసులో ఈ మూడు ప్రశ్నలతోనే ఆగిపోకూడదు. ఇరవై నిమిషాలయ్యాక సమాచారం ఇవ్వండి, ఎప్పటిది, ఎవరు చేయించారు, ఏ పదార్థం. ఇచ్చాక మళ్ళీ అదే వస్తువు దగ్గరికి తీసుకెళ్ళి, ఇప్పుడు మీ మాటల్లో ఏది నిలబడింది, ఏది మార్చుకుంటారు అని అడగండి. వివరం ముందే ఇచ్చేస్తే దాన్నే తిప్పి చెబుతారు, అసలు ఇవ్వకపోతే ఎవరికి తోచింది వాళ్ళు చెప్పి వెళ్ళిపోతారు.

మన దేశం నుంచి వచ్చిన విద్యార్థులు ఇలాంటి చోట్ల మౌనంగా ఉండిపోవడం చూస్తుంటాం. చిన్నప్పటినుంచి సరైన జవాబు తెలిస్తేనే చెయ్యెత్తాలని నేర్పించాం కదా, జవాబు లేని ప్రశ్న అంటే టెన్షన్. వాళ్ళని నేరుగా "నీకేమనిపిస్తోంది" అని అడక్కండి. లెక్కపెట్టమనండి, ఇందులో ఎన్ని చోట్ల వెలుగు పడుతోంది, ఆ వెలుగు ఎటునుంచి వస్తోంది అని. లేదా ఇద్దరిద్దరిని జత చేసి ముందు వాళ్ళలో వాళ్ళని మాట్లాడుకోనివ్వండి, తెలుగులోనైనా సరే. ఒకసారి నోరు విప్పాక ఆపడం కష్టం.

ఆరో పని: ఈ వస్తువు ఇక్కడికి ఎలా వచ్చింది అని అడిగించండి

ఇది వదిలేయొద్దు. లేబుల్ చివర్లో చిన్న అక్షరాలతో ఎవరి దానం, ఏ నిధితో కొన్నారు అని ఉంటుంది, దాన్ని చదివించండి. ఆష్మోలియన్ 1967లో వేలంలో తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహం ఒకటి కొన్నది, 16వ శతాబ్దంది. అదే విగ్రహం కుంభకోణం దగ్గర ఒక పెరుమాళ్ గుడిలో ఉన్నట్టు 1957లో తీసిన ఫొటో పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ పరిశోధన సంస్థ దగ్గర బయటపడింది. 2024లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ దాన్ని తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒక్క ఫొటో! ఆర్కైవ్‌ల విలువ చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. యేల్ గ్యాలరీ నుంచి కూడా 2022లో న్యూయార్క్ అధికారులు 13 వస్తువులు స్వాధీనం చేసుకున్నారు. మన ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్థలం నుంచి దొంగతనంగా పోయిన సున్నపురాయి శిల్పం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరి, 2016లో వెనక్కి వచ్చింది. బిజినెస్ ఎథిక్స్, లా, హిస్టరీ ఏది చెప్పేవాళ్ళైనా సరే, ఒక వస్తువు చేతులు మారిన వరసను పిల్లల చేత కాగితం మీద రాయించి, మధ్యలో ఎక్కడ ఖాళీ ఉందో గుర్తుపెట్టమనండి. క్యూరేటర్లకు ఈ ప్రశ్నలు ఇబ్బంది అనుకోకండి, ముందే చెబితే ఫైల్ తెచ్చి మరీ చూపించేవాళ్ళు ఉన్నారు.

ఏడో పని: రాయించండి, మార్కులు ఇవ్వండి

మార్కులు లేకపోతే అది పిక్నిక్ అయిపోతుంది. మూడు వందల మాటల్లో వస్తువుని వర్ణించమనండి, "అందమైన", "అద్భుతమైన" లాంటి మాటలు నిషేధం. ఆ వర్ణన చదివి బొమ్మ చూడని ఇంకో విద్యార్థి గ్యాలరీకి వెళ్ళి ఏ వస్తువో గుర్తుపట్టాలి. గుర్తుపట్టారా లేదా అన్నదే సగం మార్కులు. మిగతా సగం మీ కోర్సు ప్రశ్నకి. గ్రేడ్ చేసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన, ఇది వస్తువులో ఎక్కడ కనిపిస్తోంది అని అడగండి, చూపించలేకపోతే మార్కు లేదు. వీలైతే రెండో రాతకి ముందు ఇంకోసారి ఒంటరిగా వెళ్ళి రమ్మనండి. బాగా రాసినవి రెండు మూడు, విద్యార్థుల అనుమతి తీసుకుని మ్యూజియం వాళ్ళకి పంపండి, అదే మెయిల్‌లో వచ్చే సెమిస్టర్ తేదీ కూడా అడిగేయండి.

మీరు టీచర్ కాదు, విద్యార్థే అయితే

ప్రొఫెసర్ తీసుకెళ్ళేదాకా ఆగక్కర్లేదు. స్టడీ రూమ్‌కి చాలాచోట్ల విద్యార్థి ఒక్కడే అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళొచ్చు. ఓబర్లిన్ కాలేజీలోని అలెన్ మ్యూజియం అయితే 1940ల నుంచీ విద్యార్థులకు అసలు కళాఖండాలే సెమిస్టర్‌కి అద్దెకిస్తోంది, హాస్టల్ గది గోడకి తగిలించుకోవచ్చు, అద్దె చాలాకాలం అయిదు డాలర్లే. ఇంకో సంగతి, ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయొచ్చు కదా, మ్యూజియం ఫ్రంట్ డెస్క్, గ్యాలరీ కాపలా, ఫొటోలు డిజిటైజ్ చేసే పని లాంటివి ఆ లెక్కలోకే వస్తాయి. డైనింగ్ హాల్ ఒక్కటే చూడకుండా అక్కడా అప్లై చేయండి.

ఇక్కడే, మన ఊళ్ళో కాలేజీలో పాఠం చెబుతుంటే

మన దేశంలోనూ యూనివర్సిటీ మ్యూజియం అంటే బనారస్ హిందూ యూనివర్సిటీలోని భారత్ కళా భవన్ ఉంది. రాయ్ కృష్ణదాస్ 1920లో మొదలుపెట్టిన సేకరణ 1950లో యూనివర్సిటీకి చేరింది. సూక్ష్మచిత్రాలు దానికి పెద్ద ఆస్తి. కాశీ వైపు స్టడీ టూర్ వేసే కాలేజీలు గంగ, సారనాథ్ చూసి వచ్చేయకుండా దీనికి ఒక పూట కేటాయించాలి. అంత దూరం వెళ్ళలేకపోతే పై పద్ధతి అంతా సాలార్‌జంగ్‌లోనో, అమరావతి మ్యూజియంలోనో కూడా చేయించొచ్చు. ప్రిన్సిపాల్ సంతకంతో కాలేజీ లెటర్‌హెడ్ మీద ముందుగా ఉత్తరం పెట్టండి, మీకు కావలసిన గది, వస్తువులు ఏవో అందులో రాయండి. ఎనభై మందిని ఒక్కసారిగా లోపలికి తోలకండి, ఇరవై మంది చొప్పున ఒక్కో శిల్పం దగ్గర పావుగంట ఆపండి. ఆ రెండు మ్యూజియాలకూ శుక్రవారం సెలవు, తేదీ వేసేటప్పుడు అది చూసుకోండి.